రెండో స్థానం

ముత్యాలరావు గారి వర్ధంతికి గారెలే వండాలని ఎవరు నిర్ణయించారో ఝాన్సీలక్ష్మికి తెలియదు. బతికుండగా ఆయనకి గారెలంటే ఇష్టమో కాదో చెప్పగలిగినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. బాపట్లలో కాపురం పెట్టిన మొదటి ఏడు, కమిటీ వాళ్ళు భోజనానికి వస్తున్నారంటే అత్తగారు వెంకటరత్నమ్మ "ఓ నాలుగు గారెలు వెయ్యి" అంది. అంతే, అదే ఆనవాయితీ అయిపోయింది. నాలుగు గారెలంటే తెల్లవారకముందే లేచి రోట్లో మినప్పప్పు రుబ్బుకోవాలి. పొయ్యి దగ్గర నుంచుంటే చీర వీపుకి అతుక్కుపోతుంది. మధ్యమధ్యలో ముందుగదిలోకి కాఫీలు వెళ్తుండాలి. ఆ రోజు కూడా ఆమె అదే పనిలో ఉంది. అది పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు.

ముత్యాలరావుది నిజాంపట్నం. పడవల మీద బతికే ఇంట్లో పుట్టి, తెనాలి హైస్కూల్లో చదువుకుని, మద్రాసు వెళ్ళి పత్రికల్లో చేరాడు. రంగూను నుంచి వార్తలు రాస్తూ అక్కడే జ్వరం వచ్చి పోయాడు. హైస్కూల్లో ఆయన పక్కన కూర్చుని చదువుకున్న బసవేశ్వరరావు గారికి సంగం జాగర్లమూడిలో పొలాలూ, తెనాలిలో రైసుమిల్లూ ఉన్నాయి. స్నేహితుడు పోయిన దిగులు చాలాకాలం మనసులో మోసి, చివరికి ఆయన పేరు మీద ఒక ఉపకారవేతనం పెట్టారు. పత్రికలకి రాసే విద్యార్థుల్లో ఏడాదికి ఒకర్ని ఎంచి పరాయి దేశం పంపిస్తారు. అక్కడ మనవాళ్ళు ఎలా బతుకుతున్నారో కొన్నాళ్ళు చూసి రాయాలి. ఆ పనులన్నీ చూసే కార్యదర్శి ఝాన్సీలక్ష్మి భర్త పాండురంగారావు. కాలేజీలో లెక్చరరు. ఇంటర్వ్యూలు వర్ధంతి రోజునే, వాళ్ళింట్లోనే పెడతారు. "హోటలు భోజనాలు పెద్దాయనకి పడవు. మన ఇంట్లో అయితే ఆ లోటుండదు," అంటాడు పాండురంగారావు. ఆ లోటు లేకుండా చూసేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

వంట ఒక్కటే అయితే ఆమెకి పెద్ద పట్టింపు ఉండేది కాదేమో. ఇంటర్వ్యూలకి ముందు విద్యార్థులు పంపిన వ్యాసాలు కట్టలుగా వస్తాయి. పాండురంగారావు వాటిని భోజనాల బల్ల మీద పెట్టి, "ఝాన్సీ, తీరికైనప్పుడు ఓసారి చూసి పెట్టు, నాకు కాలేజీ పేపర్లు దిద్దుకోవాలి," అంటాడు. తీరిక అంటే తులసిని స్కూలుకి పంపి, అత్తగారికి మధ్యాహ్నం టీ పెట్టి ఇచ్చాక మిగిలిన వేళ. ఆమె ప్రతి వ్యాసం చదివి, అంచు మీద పెన్సిలుతో రెండు మాటలు రాసి, మంచివి పైన, మామూలువి కింద పెట్టేది. కమిటీ ముందు అతను ఆ రెండు మాటల్నే తన గొంతుతో చెప్పేవాడు. ఒక్కోసారి వంటింట్లోకి వినపడేది. తన వాక్యం ముందుగదిలో మగ గొంతుతో వినపడితే బసవేశ్వరరావు గారు "బాగా పట్టావు పాండురంగం" అనేవారు. ఆ మాటకి కోపం రావాలని కూడా ఆమెకి తోచేది కాదు. తను రెండో స్థానం మనిషి. రెండో స్థానం మనిషికి అంతమాత్రం పని దొరకడమే ఎక్కువ అనుకునేది.

ఆ రెండో స్థానం సంగతి అరవై అయిదు నాటిది. ఝాన్సీలక్ష్మి తండ్రి రేపల్లెలో పోస్టుమాస్టరు. ఆయన చేతుల మీదుగా మలయా నుంచి ఉత్తరాలు వచ్చేవి. రబ్బరు తోటల్లో పనికి వెళ్ళిన మనవాళ్ళవి. చదువు రాని తల్లులు ఆ ఉత్తరాలు పట్టుకుని పోస్టాఫీసు అరుగు మీద కూర్చుంటే ఝాన్సీ చదివి పెట్టేది. డిగ్రీ చదువుతూ ఆ తల్లుల గురించి పత్రికలకి రాసింది. వాళ్ళ కొడుకుల్నీ కూతుళ్ళనీ తోటల్లో చూసి రాస్తానని దరఖాస్తు పెట్టింది. అప్పట్లో ఇంటర్వ్యూలు తెనాలిలో బసవేశ్వరరావు గారింట్లో జరిగేవి. కమిటీలో కుర్రవాడు ఒక్కడే, కొత్తగా చేరిన పాండురంగారావు. "ఆ తోటల్లో పాములుంటాయి, జ్వరాలుంటాయి. భయం వెయ్యదా?" అని అడిగాడు. "భయం వేస్తే అది కూడా రాస్తానండి," అంది. అతను తల వంచుకుని నవ్వాడు. రేపల్లె బండిలో తిరిగి వస్తుంటే ఆ నవ్వు దారి పొడుగునా గుర్తొచ్చింది. ఆ మాట మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

తరవాత ఉత్తరం వచ్చింది. హనుమంతరావు అనే అబ్బాయికి మొదటి స్థానం. ఆమెకి రెండోది. ప్రోత్సాహంగా ఒక నిఘంటువు పంపారు. "రెండోది రావడం ఏం తక్కువ కాదమ్మా," అన్నాడు తండ్రి. నెల తిరక్కుండా పాండురంగారావు తరఫువాళ్ళు సంబంధం అడగడానికి వచ్చారు. కట్నం కూడా వద్దన్నారు. ఊళ్ళో అందరూ అదృష్టం అన్నారు. ఆమె కూడా కాదనుకోలేదు. పెళ్ళయ్యాక మొదట్లో ఒకటి రెండు వ్యాసాలు రాసింది. "పేపర్లో పేరు పడితే కూరలో ఉప్పు సరిపోతుందా?" అంది అత్తగారు. పాండురంగారావు ఏనాడూ రాయొద్దనలేదు. "రాసుకో ఝాన్సీ, ఎవరు వద్దన్నారు? కానీ హనుమంతరావు రాసేవి చూశావూ, అదీ రాయడమంటే," అనేవాడు. ఆమె చూసేది. నిజంగానే బాగుండేవి. రానురానూ కాగితం ముందు కూర్చుంటే రెండో స్థానం అన్న మాట ముందొచ్చి కూర్చునేది. తులసి పుట్టాక ఆ కూర్చోవడం కూడా మానేసింది.

ఈ ఏడాది వచ్చిన వ్యాసాల్లో పైన పెట్టింది కోటేశ్వరి అనే అమ్మాయిది. కోటేశ్వరిది కూడా నిజాంపట్నమే. మర పడవలు వచ్చాక చేపలు కుప్పలుగా పడుతున్నాయి, పెద్ద వర్తకులు లారీలతో వచ్చి వేలంలో మొత్తం ఎత్తుకుపోతున్నారు, ఇదివరకు గంపలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన ఆడవాళ్ళకి రేవులో బేరమే లేకుండా పోయింది అని రాసింది. సిలోన్లో కూడా మర పడవలు వచ్చాయట, అక్కడి ఆడవాళ్ళు ఏం చేస్తున్నారో చూసి వస్తానంది. ఝాన్సీలక్ష్మి ఆ వ్యాసం రెండుసార్లు చదివి, అంచు మీద "ఈ అమ్మాయిని పంపాలి" అని రాసింది. ఎప్పుడూ అంత తెగేసి రాయలేదు.

పొద్దున ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు ఆ అమ్మాయిని చూసింది. నల్లగా, సన్నగా, బిగించి కట్టిన చీరతో, చెప్పులు మెట్ల కింద విడిచి అరుగు మీద చివరగా కూర్చుంది. పక్కన ఇద్దరు అబ్బాయిలు. అందులో ఒకడు తెనాలి నుంచి వచ్చిన తోమాసు. మంచినీళ్ళు ఇవ్వబోతుంటే వెనకనుంచి అత్తగారు, "చేపల పాలెం పిల్లలాగుంది, ఆ స్టీలు గ్లాసు కాదు, వేరేది ఇవ్వు," అంది. లోపల గోడ మీద దండ వేసిన ఫోటోలో ఉన్న ముత్యాలరావు గారిదీ ఆ పాలెమే. ఝాన్సీలక్ష్మి స్టీలు గ్లాసులోనే ఇచ్చింది. ఆ రోజుకి అదే తను చేసిన పెద్ద పని అనుకుంది.

మధ్యాహ్నం కమిటీ ముగ్గురూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. బసవేశ్వరరావు గారు, పాండురంగారావు, మూడో ఆయన హనుమంతరావు. ఆ హనుమంతరావే. ఇప్పుడు విజయవాడలో పెద్ద పత్రికలో సహాయ సంపాదకుడు. మొదటిసారి కమిటీలోకి పిలిచారు. ఆమె పులిహోర వడ్డించి, పప్పులో నెయ్యి వేసి, గారెల పళ్ళెం పట్టుకుని మళ్ళీ వచ్చింది.

"మార్కుల్లో ఆ అమ్మాయే ముందుంది కదండీ," అంటున్నాడు హనుమంతరావు.

"ముందుంటే మాత్రం పంపేస్తామా?" అన్నాడు పాండురంగారావు. "ఆడపిల్ల. ఓడ ప్రయాణం. తెలియని ఊళ్ళో రేవుల వెంట తిరుగుతానంటోంది. రేపు ఏదన్నా అయితే మాట మనకొస్తుంది. తోమాసుకిద్దాం. ఆ పిల్లకి రెండో స్థానం అని చెప్పి నాలుగు పుస్తకాలు కొనిద్దాం. సంతోషంగా వెళ్తుంది. ఇదివరకూ అంతేగా చేశాం."

"ఇదివరకంటే?"

పాండురంగారావు నవ్వి, ఎడం చేత్తో భార్యని చూపించాడు. "ఇదిగో, ఈవిడ. మీకిచ్చిన ఏడు అసలు ఫస్టు వచ్చింది మా ఆవిడండీ, మీరు కాదు. నేనే ఆపించేశా. ఓడెక్కించి పంపిస్తే మళ్ళీ నాకు దొరికేదా?"

హనుమంతరావు ఫక్కున నవ్వాడు. నవ్వి, ఆమె మొహం చూసి కాస్త తగ్గి, "అయితే నా ఉద్యోగం మీ చలవేనన్నమాట చెల్లెమ్మా," అన్నాడు.

బసవేశ్వరరావు గారు నవ్వలేదు. "అదేంటి పాండురంగం? వాళ్ళ నాన్న పంపనన్నాడనేగా అప్పుడు మాతో చెప్పావు?"

"ఏదో ఒకటి చెప్పాలి కదండీ," అన్నాడు పాండురంగారావు. అతని మొహంలో దాపరికం ఏమీ లేదు. పెళ్ళాన్ని మెచ్చుకుంటున్నాననే అనుకుంటున్నాడు. "గారెలు వేడిగా ఉన్నాయి, ఇంకోటి వేయించుకోండి."

"ఇంకోటి వెయ్యమంటారా?" అని అడుగుతున్నది తన గొంతేనని ఝాన్సీలక్ష్మికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. అడిగినవాళ్ళకి వేసి వంటింట్లోకి వచ్చింది. గారెల మూకుడులో నూనె పొగ చిమ్ముతోంది. కట్టె వెనక్కి లాగి, మూకుడు దించి పక్కన పెట్టింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది, రాలేదు. ఎవరిదో ఇల్లు చూడ్డానికి వచ్చినదానిలా వంటింటిని చూసింది. మసి పట్టిన గోడ, పచ్చళ్ళ జాడీలు, కొక్కేనికి వేలాడుతున్న గరిటలు. ఇన్నేళ్ళుగా ఇక్కడ జరిగినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అన్నిటికీ ఆమె తనకి తాను చెప్పుకున్న జవాబు ఒకటే. అత్తగారు వేళాకోళం చేసినప్పుడు, రాసేంత శక్తి నాకేముందిలే అనుకుంది. తన మాటలు భర్త నోట విన్నప్పుడు, నేను చెప్తే ఎవరు వింటారులే అనుకుంది. హనుమంతరావు వ్యాసాలు చదివి, అందుకే కదా అతనికిచ్చారు అనుకుంది. మలయా వెళ్ళలేకపోయినందుకు ఇప్పుడు పెద్ద బాధ కలగలేదు. ఎందరో వెళ్ళలేదు. తన కొలత ఇంతేనని నమ్మి, దానికి తగ్గట్టు తనని తాను కత్తిరించుకుంటూ వచ్చింది. ఆ కొలత ఒక మనిషి ముచ్చటపడి చెప్పిన అబద్ధం. పైగా నాన్న పంపనన్నాడని కమిటీకి చెప్పాడు. నాన్న ఆ నింద సంగతి తెలియకుండానే పోయాడు. రెండోది రావడం ఏం తక్కువ కాదమ్మా అని తనని ఓదార్చాడే కానీ, ఆయన మొహం కూడా ఎంత చిన్నబోయిందో ఆమెకి బాగా జ్ఞాపకం.

ముందుగదిలో పెరుగు కోసం పిలుస్తున్నారు. ఝాన్సీలక్ష్మి పెరుగు గిన్నె తీసుకెళ్ళి విస్తళ్ళ దగ్గర పెట్టి, వడ్డించకుండా అటునుంచి అటే అరుగు మీదికి వెళ్ళింది.

పిల్లలు ముగ్గురూ భోంచేసి చేతులు కడుక్కుని కూర్చున్నారు. కోటేశ్వరి లేచి నిలబడింది.

"ఫస్టు వచ్చింది నువ్వు," అంది ఝాన్సీలక్ష్మి. "కాసేపట్లో పిలిచి నీది రెండో స్థానం అంటారు. కాదు. ఆడపిల్లవని పంపడానికి జంకుతున్నారు. అంతే."

"అయితే నాది రెండో స్థానమాండీ?" అన్నాడు తోమాసు. పాపం, ఏదో ఒకటి అనాలని అన్నాడు. "అవును బాబూ," అంది ఆమె.

కోటేశ్వరి కంగారుపడలేదు. "మీకెవరు చెప్పారక్కా?" అని అడిగింది.

"ఎవరూ చెప్పలేదు. నేనే విన్నాను. మార్కులు కూడా తెలుసు. మీ వ్యాసాలన్నీ మొదట చదివేది నేనే."

"లోపలికెళ్ళి అడుగుతాను. ఎవరు చెప్పారంటే మీరు చెప్పారని చెప్పొచ్చాండీ?"

ఆ ప్రశ్న ఆమె అనుకోలేదు. చెప్పేసి వంటింట్లోకి వెళ్ళిపోదామనే వచ్చింది. ఎలా తెలిసిందో వాళ్ళే కొట్టుకుంటారులే, కిటికీలోంచి వినపడిందేమో అనుకుంటారులే అని మనసులో ఒక మూల ఉంది. ఈ అమ్మాయి ఆ మూలే చూపించి అడుగుతోంది. పేరు బయటికొస్తే సాయంత్రం ఇంట్లో ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. అత్తగారు అన్నం మానేసి పడుకుంటుంది. భర్త అరవడు, మాట్లాడడం మానేస్తాడు. అది వారాల తరబడి సాగుతుంది. పాండురంగారావు గారి భార్య ఇలా చేసిందట అని బాపట్లంతా చెప్పుకుంటారు. పాండురంగారావు గారి భార్య, తులసి వాళ్ళమ్మ, వెంకటరత్నమ్మ గారి కోడలు. ఈ పేర్లలో ఏ ఒక్కటీ ఈ పిల్లకి సాక్ష్యంగా పనికిరాదు.

"చెప్పు," అంది. "ఝాన్సీలక్ష్మి చెప్పిందని చెప్పు."

కోటేశ్వరి చీర కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళింది. "నాకు ఫస్టు వచ్చిందని ఝాన్సీలక్ష్మి గారు చెప్పారండి, నిజమేనా?" అని అడగడం అరుగు మీదికి స్పష్టంగా వినపడింది. పాండురంగారావు ఏదో అనబోతుంటే బసవేశ్వరరావు గారు వద్దని, గుమ్మం దాకా వచ్చారు. చెయ్యి ఇంకా ఎంగిలిగానే ఉంది.

"అమ్మాయ్, నువ్వే చెప్పావా?"

"అవునండి బాబాయిగారూ, నేనే చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాలి. మా నాన్న నన్ను పంపనని ఎప్పుడూ అనలేదండి."

పెద్దాయన అక్కడే నిలబడిపోయారు. ఏదో లెక్క తప్పిన మనిషిలా గోడ మీద ముత్యాలరావు ఫోటో వంక చూసి, మళ్ళీ ఆమెని చూసి, "వాడుంటే నన్ను చెప్పుచ్చుకు కొట్టేవాడు," అన్నారు. లోపలికి తిరిగి, "ఈ పిల్ల వెళ్తుంది పాండురంగం. కాగితాలు రాయి," అన్నారు.

కోటేశ్వరి ఆ చలికాలంలో రామేశ్వరం దగ్గర ఓడెక్కి సిలోన్ వెళ్ళింది. ఆమె రాసినవి హనుమంతరావు తన పత్రికలోనే వేశాడు. అవి వచ్చిన రోజుల్లో నిజాంపట్నం రేవులో ఎవరో ఒకరు పైకి చదువుతుంటే గంపల ఆడవాళ్ళు చుట్టూ చేరి వినేవారట. బసవేశ్వరరావు గారు ఝాన్సీలక్ష్మిని కూడా కమిటీలో ఉండమని అడిగారు. ఆమె ఉంటానంది, ఇక నుంచి భోజనాలు మాత్రం హోటల్లో పెట్టుకోమంది. అవన్నీ తరవాతి సంగతులు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక వెంకటరత్నమ్మ అనుకున్నట్టే ముసుగు పెట్టి పడుకుంది. తులసి పక్కింట్లో ఆడుకుంటోంది. పాండురంగారావు మాత్రం ఆమె అనుకున్నట్టు మౌనంగా ఉండలేదు. పెరట్లో మల్లెపాదు పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చుని, ఆమె నీళ్ళు తోడడానికి వస్తే పిలిచాడు.

"సరదాకి అన్నాను ఝాన్సీ. నలుగురిలో నాకు అంత పని చేస్తావా?"

ఆమె బిందె గట్టు మీద పెట్టింది.

"ఇన్నేళ్ళలో నీకేం లోటు చేశాను చెప్పు. ఒక్కరోజన్నా మాట తూలానా? చెయ్యెత్తానా?"

"లేదండి," అంది. నిజమే. అతను చెడ్డవాడైతే ఈ సాయంత్రం ఇంకా సులువుగా ఉండేది.

"నువ్వు వెళ్ళిపోతే తిరిగొచ్చాక నన్నెందుకు చేసుకుంటావు అనిపించింది. ఇరవై ఆరేళ్ళ కుర్రాణ్ణి. ఏం తోస్తే అది చేశాను." ఆమె వంక చూడకుండా అడిగాడు. "నిజం చెప్పు. ఆ రోజు పంపించి ఉంటే, వచ్చాక నన్ను చేసుకునేదానివా?"

ఆమెకి జవాబు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

"చేసుకునేదాన్ని," అంది.

అతను తలెత్తి చూశాడు. ఆ మాట అతనికి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక అతని మొహం ఎలా మారిందో ఆమె చూసింది. చూసి ఓదార్చాలనిపించలేదు, సంతోషమూ కలగలేదు.

"ఇప్పుడైతే?" అన్నాడు మెల్లగా.

"తెలీదండి. పొద్దున బండికి తులసిని తీసుకుని రేపల్లె, అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. మళ్ళీ రాయాలనుంది. రాయగలనో లేదో ముందు అది తేలాలి. ఇది ఆ తరవాత చెప్తాను," అంది.